తుపాకీ లేని విమానం, రెండు మహావీర చక్రాలు

యుద్ధరంగంలో చూపిన సాహసానికి మన దేశం ఇచ్చే పతకాల్లో పరమవీర చక్ర తర్వాతి స్థానం మహావీర చక్రది. దాన్ని ఒక్కసారి అందుకున్నవాళ్లే అరుదు. రెండుసార్లు అందుకున్నవాళ్లు ఇంతవరకూ ఆరుగురే. వాళ్లలో ఐదుగురి గురించి చెప్పడం పెద్ద కష్టం కాదు. రాజిందర్ సింగ్ స్పారో 1948లో జోజిలా కనుమకు ట్యాంకులు ఎక్కించిన దళానికి అధిపతి. చెవాంగ్ రించెన్ 1948లో కుర్రతనంలోనే లద్దాఖ్‌లో పోరాడి, 1971లో తుర్తుక్‌ను మన వశం చేసినవారు. అరుణ్ శ్రీధర్ వైద్య రెండు యుద్ధాల్లో ట్యాంకు దళాలను నడిపి, తర్వాత సైన్యాధిపతి అయ్యారు. సంత్ సింగ్ పదాతి దళ నాయకుడు, పద్మనాభ గౌతమ్ బాంబర్ పైలట్. వీళ్లు ఏ ఊరి దగ్గర, ఏ గట్టు మీద, ఏ రోజున ఏం చేశారో వేలుపెట్టి చూపించవచ్చు.

ఆరో వ్యక్తి వింగ్ కమాండర్ జగ్‌మోహన్ నాథ్. తోటి పైలట్లకు జగ్గీ. 1962లో ఒకటి, 1965లో ఇంకొకటి ఆయన అందుకున్న పతకాలు. ఆయన ఏ కొండనూ పట్టుకోలేదు, ఏ ట్యాంకునూ పేల్చలేదు. నడిపిన విమానంలో తుపాకీ లేదు, బాంబూ లేదు. కెమెరాలున్నాయి.

ఆయన ప్రశంసాపత్రాలు చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కష్టమైన కొండ ప్రాంతాల మీద ప్రమాదకరమైన పనులను ప్రాణాలకు తెగించి నెరవేర్చారన్నది మొదటిదాని సారాంశం. శత్రు భూభాగం లోపలికి పట్టపగలు, తోడుగా యుద్ధవిమానాలు లేకుండా వెళ్లి విలువైన సమాచారం తెచ్చారన్నది రెండోదాని సారాంశం. ఏ కొండలు, ఏ సమాచారం, ఎన్నిసార్లు అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు లేదు. అవి అప్పట్లో చెప్పకూడనివి. పరాయి దేశం గగనతలంలోకి శాంతికాలంలో విమానం పంపామని ఏ ప్రభుత్వమూ కాగితం మీద ఒప్పుకోదు. అందుకే దేశంలోని అత్యంత సాహసికుల్లో ఒకరైన ఈ మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. ఆయన చేసిన పనేమిటో అర్థం కావాలంటే ముందు నిఘా ఫొటో ఎలా పుడుతుందో తెలియాలి.

మన పత్రికల్లో దొంగలు ఇంటిని ముందుగా చూసి వెళ్లడాన్ని రెక్కీ అంటుంటారు. సైన్యంలో ఆ మాటకు బరువు చాలా ఎక్కువ. శత్రువు ఎక్కడున్నాడు, ఎంతమంది, ఏ దారిన వచ్చారు, తిండి గింజలు, ఇంధనం ఎక్కడ పోగేశారు అన్నవి తెలియకుండా సేనాపతి వేసే ప్రతి అడుగూ గుడ్డి అడుగే. గూఢచారి ఒకటి చెబుతాడు, పట్టుబడ్డ సైనికుడు ఇంకొకటి చెబుతాడు. ఫొటో అబద్ధం ఆడకపోవచ్చు. కానీ దాన్ని తేవాలంటే ఒక మనిషి అక్కడి దాకా వెళ్లాలి, తిరిగి రావాలి. బాంబర్ పైలట్ బాంబు వేశాక తిరిగి రాలేకపోయినా అతని పని అయినట్టే లెక్క. నిఘా పైలట్ తిరిగి రాకపోతే వెళ్లినట్టే కాదు, ఎందుకంటే అతను తీసిన ఫిల్మ్ అతనితోనే పోతుంది. ఎంత పరాక్రమం ఉన్నా పోరుకు దిగకుండా తప్పించుకొని రావడమే అతని మొదటి విధి.

నాథ్ నడిపిన విమానం కాన్‌బెర్రా. బ్రిటన్‌లోని ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన ఈ జెట్ 1949లో మొదటిసారి ఎగిరింది. 1957లో భారత్ పెద్ద సంఖ్యలో వీటిని కొనుగోలు చేసింది. అందులో చాలావరకు బాంబర్లు. నిఘా కోసం ప్రత్యేకంగా తయారైనవి, పీఆర్ 57 రకం, ఎనిమిదే. బాంబులు ఉండాల్సిన చోటును వీటిలో అదనపు ఇంధనానికీ, చీకట్లో ఫొటో తీయడానికి వెలుగునిచ్చే ఫ్లేర్లకూ, కెమెరాలకూ కేటాయించారు. సిబ్బంది ఇద్దరు, పైలట్, నావిగేటర్. నిఘా స్క్వాడ్రన్ అయిన 106కు స్థావరం ఆగ్రా.

ఇక ఫొటో సంగతి. విమానం నుంచి నేరుగా కిందికి చూసే కెమెరా తీసిన చిత్రంలో వస్తువు ఎంత పెద్దగా పడుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: కటకం నాభ్యంతరం ఎంత, విమానం నేలకు ఎంత ఎత్తున ఉంది. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే స్కేలు వస్తుంది. ఉదాహరణకు 36 అంగుళాల కటకంతో 40,000 అడుగుల ఎత్తు నుంచి తీశామనుకుందాం. 36 అంగుళాలంటే 3 అడుగులు. 40,000ను 3తో భాగిస్తే సుమారు 13,300. అంటే నేల మీద 13,300 సెంటీమీటర్లు ఫిల్మ్ మీద ఒక సెంటీమీటరు అవుతుంది. ఆరు మీటర్ల పొడవున్న సైనిక ట్రక్కు ఫిల్మ్ మీద అర మిల్లీమీటరు కూడా ఉండదు. తొమ్మిది అంగుళాల చదరపు ఫిల్మ్‌లో సుమారు మూడు కిలోమీటర్ల మేర నేల పడుతుంది. ఆ మూడు కిలోమీటర్ల నేలలో ఆ చుక్కను వెతికి, అది ట్రక్కా, బండరాయా, గుడారమా అని తేల్చాలి.

ఇక్కడే అక్సాయ్‌చిన్ ప్రత్యేకత తెలుస్తుంది. అక్కడి పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 17,000 అడుగుల ఎత్తున ఉంటుంది. మీటర్ 40,000 అడుగులు చూపిస్తున్నా నేలకూ విమానానికీ మధ్య ఉండేది 23,000 అడుగులే. ఫొటో మరింత స్పష్టంగా వస్తుంది, నిజమే. విమానం కూడా కిందివాళ్లకు అంత దగ్గరగా, అంత స్పష్టంగా కనిపిస్తుంది. చుట్టూ కారకోరం, కున్‌లున్ శ్రేణులు. ఇంజన్‌కు ఏదైనా అయితే దిగడానికి చోటు లేదు. పారాచూట్‌తో దూకితే కింద గడ్డకట్టే ఎడారి. ఆగ్రా నుంచి నేరుగా కొలిస్తే అక్కడికి 850 కిలోమీటర్ల పైమాటే. మంచి పటాలు లేవు, ఉపగ్రహం చెప్పే దారి లేదు. ఆ ఎత్తులో బయట ఉష్ణోగ్రత సున్నాకు 50 డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. ఆ చలికి కటకం మీద మంచు పేరుకోకుండా, ఫిల్మ్ పెళుసెక్కి విరిగిపోకుండా కెమెరా గదిని వెచ్చగా ఉంచాలి.

పైలట్ చేతి పని ఇంకా సున్నితమైంది. గంటకు 800 కిలోమీటర్లంటే సెకనుకు 220 మీటర్లు. కెమెరా రెప్ప సెకనులో రెండువందో వంతు తెరుచుకున్నా ఆలోగా విమానం ఒక మీటరు పైనే ముందుకు జరిగిపోతుంది. ఎత్తు తగ్గేకొద్దీ ఆ కదలిక ఫొటోను మరింత మసకబారుస్తుంది కాబట్టి విమానం వేగానికి తగ్గట్టు ఫిల్మ్‌ను కూడా కదిపే ఏర్పాటు ఉన్న కెమెరాలు వచ్చాయి. రెక్క ఒక్క డిగ్రీ వంగితే చాలు, 40,000 అడుగుల కింద కెమెరా చూపు దాదాపు 200 మీటర్లు పక్కకు పోతుంది. ఫొటో తీస్తున్నంతసేపూ ఎత్తు మారకూడదు, వేగం మారకూడదు, దిశ మారకూడదు. తనను వేటాడే విమానం వెనక ఉందేమోనన్న అనుమానం వచ్చినా గీత గీసినట్టు తిన్నగా పోవాలి. ఏ పైలట్‌నైనా అడగండి, శత్రువు ఆకాశంలో ఎన్నడూ చేయకూడని పని అదే. నిఘా పైలట్ జీతం తీసుకునేది సరిగ్గా ఆ పనికే.

పైగా ఒక్క ఫొటోతో పని జరగదు. ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కేలా వరుసగా తీయాలి. ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని నేల సుమారు 60 శాతం మళ్లీ పడాలి. ఇందాకటి లెక్కలో ఐదారు సెకన్లకొక ఫొటో అన్నమాట. ఎందుకింత అంటే, ఒకే చోటును రెండు వేర్వేరు కోణాల నుంచి తీసిన జంట ఫొటోలను స్టీరియోస్కోప్ అనే రెండు కటకాల పరికరంలో చూస్తే నేల ఉబ్బెత్తుగా లేచి నిలబడుతుంది. గట్టు గట్టులా, గుంట గుంటలా కనిపిస్తాయి. చదునైన ఫొటోలో కనబడని కందకం అప్పుడు కనబడుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సర్వేల కోసం విమానాల నుంచి తీసిన ఫొటోల వెనకా ఇదే సూత్రం ఉంది. తేడా ఒక్కటే, ఆ విమానాల మీద ఎవరూ కాల్పులు జరపరు.

ఆ ఫొటోలను చదివేవాళ్లు వేరే. వాళ్లు నీడలను కొలుస్తారు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు స్తంభం నీడ స్తంభమంతే పొడవు ఉంటుంది కాబట్టి నీడ నుంచి ఎత్తు లెక్కగట్టవచ్చు. మంచులో తిరిగిన చక్రాల జాడలు ఎక్కడ ఆగాయో చూస్తారు. నిన్నటి ఫొటోనూ ఈనాటి ఫొటోనూ పక్కపక్కన పెట్టి కొత్తగా వచ్చిన చుక్కను పట్టుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో కాన్‌స్టెన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే బ్రిటిష్ యువతి జర్మనీలోని పీనెముండె మీద తీసిన ఫొటోలో ఒక చిన్న రెక్కల గుర్తును పట్టుకుంది. లండన్ మీదికి రాబోతున్న ఎగిరే బాంబు అదే. పైలట్ ప్రాణం పణంగా పెట్టి తెచ్చిన ఫిల్మ్‌కు ఇలాంటి ఓపికగల కన్ను దొరక్కపోతే అది ఉత్త నలుపు తెలుపు మచ్చల కాగితం.

జగ్‌మోహన్ నాథ్ పుట్టింది 1930లో, అవిభక్త పంజాబ్‌లోని లయ్యాలో, వైద్యుల కుటుంబంలో. ఆ ఊరు ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉంది. దేశం విడిపోయిన కాలంలో ఇంటి వృత్తిని కాదని వైమానిక దళంలో చేరారు. 1960 నాటికి ఆయన కాన్‌బెర్రాల మీద ఉన్నారు. సరిహద్దులో పరిస్థితి అప్పటికే ఉడుకుతోంది. అక్సాయ్‌చిన్ మీదుగా సింకియాంగ్ నుంచి టిబెట్‌కు చైనా రోడ్డు వేసిందని 1957లో బయటపడింది. 1959 అక్టోబర్ 21న కోంగ్‌కా కనుమ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో మన పోలీసులు చనిపోయారు. ఏటా ఆ రోజునే మనం పోలీసు అమరవీరుల దినం జరుపుకుంటున్నాం. ఆ కొండల అవతల చైనా ఏం చేస్తోందో నడిచి వెళ్లి చూసి రావడం దాదాపు అసాధ్యమైంది. మిగిలింది ఆకాశం ఒక్కటే.

ఆ ఆకాశం ఎంత ప్రమాదకరమో అప్పటికే రెండు సంఘటనలు చెప్పాయి. 1959 ఏప్రిల్ 10న, ఈద్ రోజున, మన కాన్‌బెర్రా నిఘా విమానం ఒకటి రావల్పిండి ప్రాంతంలో కూలింది. పాకిస్థాన్ కథనం ప్రకారం, తమ సేబర్ యుద్ధవిమానాలకు అందని ఎత్తున ఉన్న ఆ కాన్‌బెర్రా మలుపు తిరుగుతూ కాస్త ఎత్తు కోల్పోయినప్పుడు దొరికిపోయింది. సిబ్బంది ఇద్దరూ పారాచూట్లతో దిగి బందీలయ్యారు, తర్వాత విడుదలయ్యారు. అదే ఏడాది అక్టోబర్ 7న తైవాన్‌కు చెందిన నిఘా విమానాన్ని చైనా బీజింగ్ దగ్గర సోవియట్ క్షిపణితో కూల్చింది. నేల నుంచి వదిలిన క్షిపణి ఒక విమానాన్ని పడగొట్టడం ప్రపంచ చరిత్రలో అదే మొదలు. కూలిన విమానం కాన్‌బెర్రాకు అమెరికాలో తయారైన రూపం, మన విమానాల కంటే చాలా ఎత్తుకు ఎగరగలది. మరుసటి ఏడాది మే 1న సోవియట్ గగనంలో అమెరికా యూ-2 నిఘా విమానం కూడా అలాగే కూలింది. ఎత్తుగా పోతే చాలు, ఎవరూ అందుకోలేరన్న ధీమాకు ఆ నెలల్లోనే కాలం చెల్లింది. సరిగ్గా అప్పుడే నాథ్‌ను టిబెట్ వైపు పంపారు. అక్కడ క్షిపణులు ఉన్నాయో లేవో ముందుగా చెప్పగలవాళ్లు లేరు. వెళ్లి చూసి వచ్చినవాడే చెప్పాలి.

అప్పటి నుంచి 1962 దాకా ఆయన అక్సాయ్‌చిన్, టిబెట్‌ల మీదికి పలుమార్లు వెళ్లి వచ్చారు. చాలా ఏళ్ల తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూల్లో ఆయన చెప్పిన మాటల్లో రెండు ముఖ్యమైనవి. చైనా సైన్యం పెద్ద ఎత్తున మోహరించడం ఫొటోల్లో స్పష్టంగా కనిపించిందన్నది మొదటిది. తాను అన్నిసార్లు వెళ్లినా చైనా యుద్ధవిమానం ఒక్కటీ అడ్డుకోలేదు, అంటే వాళ్లకు అక్కడ చెప్పుకోదగ్గ వైమానిక శక్తి లేదు అన్నది రెండోది. ఆ సమాచారాన్ని నమ్మి ఉంటే, యుద్ధంలో మన వైమానిక దళాన్ని దాడికి దింపి ఉంటే 1962 ఫలితం వేరుగా ఉండేదని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నారు.

జరిగింది మనకు తెలిసిందే. 1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. నవంబర్ 21న వాళ్లే కాల్పుల విరమణ ప్రకటించారు. ఆ నెల రోజుల్లో మన రవాణా విమానాలు, హెలికాప్టర్లు శక్తికి మించి పనిచేశాయి. పోరాడే విమానాలు మాత్రం నేల మీదే ఉండిపోయాయి. మనం దాడి చేస్తే చైనా కలకత్తా వంటి నగరాల మీద బాంబులు వేస్తుందన్న భయం ఢిల్లీని కమ్మేసింది. అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్ కూడా వద్దన్నారు. చివరికి నవంబర్ 19న నెహ్రూ అమెరికా అధ్యక్షుడు కెనెడీకి లేఖ రాసి, కనీసం 12 స్క్వాడ్రన్ల యుద్ధవిమానాలు పంపమని కోరారు. సొంత విమానాలను కదపకుండా పరాయి విమానాలను అడిగిన ఆ సందర్భం చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నాథ్ మాట అక్షరాలా నిజమేనా? ఆ ఒక్క వాక్యంతో చరిత్రను తేల్చేయడం న్యాయం కాదు. చైనా వైమానిక బలహీనత గురించి ఆయన చెప్పింది బలమైన వాదనే. టిబెట్‌లోని విమానాశ్రయాలు 14,000 అడుగుల స్థాయి ఎత్తున ఉండేవి. పలచని గాలిలో బరువుతో పైకి లేవడం ఆనాటి జెట్లకు చాలా కష్టం. 1960లో సోవియట్ నిపుణులు వెళ్లిపోయాక చైనాకు విడిభాగాలకూ ఇంధనానికీ కటకటగా ఉండేది. మన విమానాలు మాత్రం మైదానాల నుంచి పూర్తి బరువుతో లేవగలవు. అయితే ఈశాన్యంలో దట్టమైన అడవుల కింద, లోయల్లో నడిచే సైనికులను ఆనాటి బాంబర్లు ఎంతవరకు ఆపగలిగేవన్నది వేరే ప్రశ్న. రోడ్లనూ, నిల్వలనూ దెబ్బకొట్టి ఉంటే దాడి వేగం తగ్గేదని అనుకోవడానికి మాత్రం గట్టి కారణాలున్నాయి. అలా దెబ్బకొట్టాలంటే ఆ రోడ్లూ నిల్వలూ ఎక్కడున్నాయో తెలియాలి. ఆ వివరాలు తేవడానికే నాథ్‌ను పంపారు.

నాకు ఇంకో విషయం ముఖ్యంగా తోస్తుంది. ఫొటో బలాన్ని చూపిస్తుంది, ఉద్దేశాన్ని చూపించదు. ఎన్ని ట్రక్కులు, ఎన్ని గుడారాలు అన్నది అందులో ఉంటుంది. రేపు వాళ్లు దాడి చేస్తారా లేదా అన్నది ఉండదు. 1962లో ఢిల్లీ చేసిన అసలు పొరపాటు ఈ రెండో ప్రశ్న దగ్గర జరిగింది. మనం ముందుకు వెళ్లి చిన్న చిన్న పోస్టులు పెట్టినా చైనా బలంగా స్పందించదన్న అంచనా మీద విధానమంతా నిలబడింది. యుద్ధం తర్వాత విచారణ జరిపిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికలో బయటికొచ్చిన భాగం ఈ అంచనానే తప్పుపట్టింది. అంచనా ముందే స్థిరపడ్డాక, దానికి సరిపడని ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా చూసే కంటికి ఆనదు.

చిత్రంగా, అదే నెలలో భూగోళం అవతలి వైపు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. 1962 అక్టోబర్ 14న అమెరికా యూ-2 విమానం క్యూబా మీద ఫొటోలు తీసింది. 15న నిపుణులు వాటిలో సోవియట్ క్షిపణులను గుర్తుపట్టారు. 16 ఉదయం ఆ ఫొటోలు కెనెడీ ముందున్నాయి. మామూలు కంటికి అందులో ఏమీ కనబడదు. చదివేవాళ్లు పక్కన నిలబడి ఒక్కొక్క గుర్తునూ విప్పి చెప్పారు, అధ్యక్షుడు విన్నారు, నిర్ణయాలు మారాయి. కెమెరా నుంచి అధ్యక్షుడి దాకా రెండు రోజులు. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత హిమాలయాల్లో యుద్ధం మొదలైంది. క్యూబా మీద ఎగిరిన పైలట్ల కంటే మన పైలట్ తక్కువ చేయలేదు. ఫిల్మ్‌కూ నిర్ణయానికీ మధ్య ఉండాల్సిన దారి ఇక్కడ పూడుకుపోయి ఉంది. ఆ క్యూబా ఫొటోలకు కూడా ప్రాణం ఖర్చయింది, అక్టోబర్ 27న మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ విమానాన్ని క్షిపణి కూల్చేసింది.

1962లో, అప్పుడు స్క్వాడ్రన్ లీడర్‌గా ఉన్న నాథ్‌కు మొదటి మహావీర చక్ర ఇచ్చారు. ఆయన తెచ్చిన సమాచారాన్ని నమ్మలేకపోయిన ప్రభుత్వమే ఆ సమాచారం తెచ్చిన ధైర్యానికి పతకం ఇచ్చింది. ఇందులో ఎవరినో ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు. ధైర్యాన్ని గుర్తించడం, ఆ ధైర్యం చూపిన దాన్ని అంగీకరించడం రెండు వేర్వేరు పనులని మాత్రం ఇది తేటతెల్లం చేస్తుంది.

మూడేళ్లకు పాకిస్థాన్‌తో యుద్ధం. 1965 సెప్టెంబర్ 1న వైమానిక దళం రంగంలోకి దిగింది, 23న కాల్పులు ఆగాయి. అప్పటికి నాథ్ వింగ్ కమాండర్. ఈసారి ఎదురుగా ఉన్నది ఖాళీ ఆకాశం కాదు. పాకిస్థాన్ దగ్గర అమెరికా ఇచ్చిన రాడార్లున్నాయి. సైడ్‌వైండర్ క్షిపణులు మోసే సేబర్లున్నాయి. ధ్వనికి రెట్టింపు వేగంతో పోగల స్టార్‌ఫైటర్లున్నాయి. కాన్‌బెర్రా ధ్వని వేగాన్ని కూడా అందుకోలేదు. సెప్టెంబర్ 21 రాత్రి ఒక స్టార్‌ఫైటర్ మన కాన్‌బెర్రా బాంబర్‌ను కూల్చింది కూడా. మన బాంబర్లు ఎక్కువగా చీకటిని అడ్డం పెట్టుకొని వెళ్లేవి. ఫొటోకు వెలుగు కావాలి, నీడలు కావాలి. అందుకే నిఘా పైలట్‌కు చాలావరకు పగలే గతి. పాకిస్థాన్‌కు విమానాశ్రయాలు, కీలక స్థావరాలు ఎంత ముఖ్యమో వాటి చుట్టూ విమాన విధ్వంసక తుపాకులు అంత దట్టంగా ఉంటాయి. నాథ్ వెళ్లింది సరిగ్గా ఆ చోట్ల మీదికే, ఒంటరిగా, పట్టపగలు, మళ్లీ మళ్లీ.

ఈ మళ్లీ మళ్లీ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఒక దాడి జరిగాక అది ఎంతవరకు ఫలించిందో చూడటానికి అదే చోటికి ఇంకోసారి వెళ్లాలి. విమానాశ్రయం మీద నిన్న ఉన్న విమానాలు ఇవాళ ఎక్కడికి మార్చారో చూడటానికి మళ్లీ వెళ్లాలి. రెండోసారి వెళ్లేవాడి కోసం కిందివాళ్లు కాచుకొని ఉంటారు. ఏ దిశ నుంచి వస్తాడో, ఏ వేళకు వస్తాడో వాళ్లకూ అంచనా ఉంటుంది. తప్పించుకోవడానికి ఆయనకున్న ఉపాయాలు కొన్నే: దారి మార్చడం, రాడార్‌కు అందనంత కిందుగా కొంతదూరం పోవడం, ఉన్నట్టుండి ఎత్తుకు లేచి ఫొటో తీసి మళ్లీ దిగిపోవడం, ఎక్కడా అవసరానికి మించి ఒక్క నిమిషం కూడా ఉండకపోవడం. వీటన్నిటికీ ఇంధనం లెక్క సరిపోవాలి. వెనక కూర్చున్న నావిగేటర్ లెక్క తప్పితే ఇద్దరూ పోతారు. పైలట్ పేరు పత్రికలకెక్కినప్పుడు నావిగేటర్‌ను మరచిపోతుంటాం. నిఘా విమానంలో లక్ష్యాన్ని సరిగ్గా కెమెరా కిందికి తెచ్చే లెక్కంతా నావిగేటర్‌దే.

ఆయన పుట్టిన పంజాబ్ మీదే, అప్పటికి శత్రు దేశమైన నేల మీదే ఆ ఫొటోలు తీశారని తలచుకుంటే దేశ విభజన మన తరాల మీద మోపిన భారం ఎలాంటిదో అర్థమవుతుంది. ఈసారి ఆయన తెచ్చిన సమాచారానికి విలువ దక్కింది. ప్రశంసాపత్రంలో సమాచారం విలువను ప్రస్తావించడమే అందుకు సాక్ష్యం. మహావీర చక్రకు బార్ చేరింది. పతకం రిబ్బన్ సగం తెలుపు, సగం కాషాయం. రెండోసారి వస్తే కొత్త పతకం ఇవ్వరు, ఆ రిబ్బన్ మీదే ఒక పట్టీ చేరుస్తారు. 1969లో ఆయన వైమానిక దళం నుంచి వైదొలిగారు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. 2023లో, 93 ఏళ్ల వయసులో ముంబయిలో కన్నుమూశారు.

ఆయన నడిపిన రకం విమానం ఆయన తర్వాత కూడా చాలాకాలం పనిచేసింది. కార్గిల్ యుద్ధ సమయంలో, 1999 మే 21న, ఫొటోలు తీస్తున్న 106 స్క్వాడ్రన్ కాన్‌బెర్రా ఒకదానికి భుజం మీద నుంచి పేల్చే క్షిపణి తగిలింది. ఒక ఇంజన్ దెబ్బతిన్నా రెండో ఇంజన్ మీద అది శ్రీనగర్ చేరుకుంది. విమానం చేరింది కాబట్టే ఫిల్మ్ కూడా చేరింది. 2007 మేలో ఆగ్రాలో కాన్‌బెర్రాలకు వీడ్కోలు పలికారు, అర్ధ శతాబ్దం సేవ తర్వాత. ఇప్పుడు ఆ పనిని చాలావరకు ఉపగ్రహాలు, మనిషి లేని విమానాలు చేస్తున్నాయి. పైలట్ ప్రాణానికి ప్రమాదం తగ్గింది. ఫొటోను చదివేవాడి కష్టం మాత్రం తగ్గలేదు, ఫొటోలు లెక్కకు మించి వచ్చిపడుతున్నాయి కాబట్టి పెరిగింది.

నాథ్ గురించి మనకు తెలిసినదాంట్లో చాలాభాగం ఆయన నోట వచ్చిందే, ఆయన తోటివాళ్లు చెప్పిందే. అరవై ఏళ్లు దాటినా ఆ ప్రయాణాల అధికారిక చిట్టాలు సామాన్య పాఠకుడి చేతికి రాలేదు. యుద్ధాలకు సంబంధించిన రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బహిరంగపరచాలన్న విధానానికి 2021 జూన్‌లో రక్షణ శాఖ ఆమోదం తెలిపింది. అంతకంటే పాతవాటిని నిపుణులు పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి పంపాలని కూడా అందులో ఉంది. 1960 నుంచి 1965 దాకా 106 స్క్వాడ్రన్ ఏ రోజున ఎక్కడికి వెళ్లిందో, ఆ ఫొటోలు ఎవరి బల్ల మీదికి ఎప్పుడు చేరాయో, వాటి మీద ఎవరేం రాశారో ఆ విధానం కింద మొదట తెరవాల్సిన కాగితాల్లో ఉండాలి. ఆ కెమెరాలు, ఆ ఫిల్మ్, ఆ విమానం అన్నీ మ్యూజియం వస్తువులయ్యాయి. వాటి వల్ల బయటపడే సైనిక రహస్యం ఇక ఏమీ లేదు. బయటపడాల్సింది మన వ్యవస్థ ఒక పైలట్ కళ్లతో చూసిన దాన్ని ఎలా అందుకుంది, ఎక్కడ జారవిడిచింది అన్నది. దాన్ని అడిగే హక్కు ఆ యుద్ధంలో మనుషులను పోగొట్టుకున్న ప్రతి కుటుంబానికీ ఉంది.